మూడు కాళ్ల లచ్చికి అమెరికా వచ్చింది

"ఒరేయ్, నీకు మూడేళ్ల నుంచీ ఆ లాటరీలో పేరు రావట్లేదు. మూడు కాళ్ల కుక్కకి మాత్రం అమెరికా వచ్చేసిందిరా!"

2025 జనవరిలో మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి అన్న మాట ఇది. అని ఊరుకుందా? ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టింది. అరగంటలో నలభై నవ్వుల ఎమోజీలు. హెచ్‌1బీ లాటరీలో మూడుసార్లు పేరు రాని ప్రతి సాఫ్ట్‌వేర్ బ్రహ్మచారికీ నా బాధ అర్థమవుతుంది. నేనైతే నిజంగానే నవ్వాను. ఎందుకంటే ఆ కుక్కని ఫ్లైట్ ఎక్కించింది నేనే. అప్పటికి నా ఛాతీ రెండంగుళాలు పెరిగి ఉంది.

తర్వాత ఆ రెండంగుళాలూ ఎలా తగ్గాయో చెప్పడానికే ఈ వారం కాలమ్.

కథ 2024 జూన్‌లో మొదలైంది. కొండాపూర్‌లో మేం ముగ్గురం ఫ్రెండ్స్ ఉండే అపార్ట్‌మెంట్ గేటు ముందు ఒక ఎర్ర కుక్క ఉండేది. మెడ మీద తెల్ల మచ్చ. ఎడమ చెవి కొస కత్తిరించి ఉండేది, అంటే ఆపరేషన్ అయిపోయిన కుక్క అన్నమాట. మేం దాన్ని బూందీ అనేవాళ్లం. మా వాచ్‌మన్ అన్న లచ్చి అనేవాడు. రాత్రి పదకొండుకి షిఫ్ట్ ముగించుకుని వస్తే తోక ఊపేది, పార్లేజీ వేస్తే తినేది. మా బంధం అంతవరకే.

మొదటి వానలు పడిన ఒక రాత్రి ఏదో కారు దాని వెనక కాలు మీద నుంచి వెళ్లిపోయింది. మేం ముగ్గురం, వాచ్‌మన్ అన్న కలిసి గోనెసంచి మీద పడుకోబెట్టి ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. అప్పటికి ఆ కాలు పనికి రాదన్నారు. తీసేశారు. బిల్లు ముగ్గురం పంచుకున్నాం. డ్రెస్సింగ్ మార్చే డ్యూటీ మాత్రం వాచ్‌మన్ అన్నదే, ఎందుకంటే మాకు స్టాండప్ మీటింగులు ఉంటాయి కదా.

నెల తిరిగేసరికి మూడు కాళ్లతో నడవడం నేర్చుకుంది. కానీ రోడ్డు మీద మూడు కాళ్ల కుక్క ఎన్నాళ్లు బతుకుతుంది? పక్క వీధి కుక్కలు తరిమితే పరిగెత్తలేదు. బైకు వస్తే తప్పుకోలేదు. పైగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. "గేటు దగ్గర కుక్కకి అన్నం పెట్టొద్దు, పిల్లలు తిరిగే చోటు" అని. 2023లో వచ్చిన ఏబీసీ రూల్స్ ప్రకారం వీధి కుక్కలకి తిండి పెట్టే చోటు చూపించాల్సింది అపార్ట్‌మెంట్ అసోసియేషనే అని నేను ఆ రూలు కాపీ పేస్ట్ చేశాను. ఒక ఆంటీ థంబ్స్‌డౌన్ పెట్టారు. అక్కడితో చట్టం అయిపోయింది.

అలాగని ఆ ఆంటీ భయాన్ని నేను కొట్టిపారేయను. 2023 ఫిబ్రవరిలో ఇదే హైదరాబాద్‌లో, అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ సీసీటీవీ వీడియో చూసిన ఏ తల్లీ మర్చిపోదు. ప్రపంచంలో రేబీస్‌తో చనిపోయేవాళ్లలో 36 శాతం మన దేశం వాళ్లే అని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. లక్షణాలు బయటపడ్డాక రేబీస్‌కి దాదాపుగా మందు లేదు. కుక్కల్ని ప్రేమించేవాళ్లం ఈ రెండు వాక్యాలూ దాటేసి మాట్లాడకూడదు అని నా ఉద్దేశం.

సరే, బూందీకి ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. ఇన్‌స్టాలో రీల్ చేశాం. మంచి పాట, స్లో మోషన్, కళ్లలో నీళ్లు తెప్పించే క్యాప్షన్. లైకులు బోలెడు. "సో క్యూట్", "గాడ్ బ్లెస్ యూ బ్రో" లాంటి కామెంట్లు బోలెడు. ఫోన్ చేసినవాళ్లు నలుగురు.

మొదటాయన, "మగదా ఆడదా?" ఆడది. పెట్టేశాడు.

రెండో ఆవిడ, "బ్రీడ్ ఏంటండీ?" మన దేశీ అండీ. "ఓ... ల్యాబ్ మిక్స్ అయితే చెప్పండి."

మూడో ఆయనకి ఫామ్‌హౌస్‌లో కాపలా కుక్క కావాలి. మూడు కాళ్లు అనగానే, "మరి దొంగ వస్తే ఎట్లా తరుముద్ది?" అన్నాడు. పాయింటే.

నాలుగోవాడు మా ఆఫీసు కుర్రాడే. "బ్రో, నేను హస్కీకి అడ్వాన్స్ ఇచ్చేశా" అని సారీ చెప్పడానికి చేశాడు. మే నెల హైదరాబాద్‌లో సైబీరియా కుక్క! పాపం దాని కోసం ఇరవై నాలుగు గంటలూ ఏసీ. వేల ఏళ్లుగా ఈ ఎండకీ ఈ వానకీ అలవాటు పడిన కుక్క గేటు బయట, మంచులో బండి లాగాల్సిన కుక్క హాల్లో ఏసీ కింద. మన అభిరుచులు అలా ఉన్నాయి.

సెప్టెంబర్‌లో ఒక రెస్క్యూ వాలంటీర్ అమ్మాయి, "అబ్రాడ్ ట్రై చేద్దామా?" అంది. నాకు నవ్వొచ్చింది. అక్కడివాళ్లకి మన వీధి కుక్క దేనికి? కానీ ఆమె చూపించిన ఫోటోలు చూస్తే నోరు తెరిచాను. ఢిల్లీ కుక్క అమెరికాలో సోఫా మీద, ముంబై కుక్క లండన్ పార్కులో. చూపు లేనివి, నడుము విరిగి చక్రాల బండి మీద నడిచేవి, ఇక్కడ ఎవ్వరూ తీసుకోని కుక్కల్ని అక్కడ కొందరు కోరి మరీ తీసుకుంటున్నారు.

పదిహేను రోజుల్లో ఫిలడెల్ఫియా దగ్గర్లో ఉండే ఒక రిటైర్డ్ టీచర్ల జంట దరఖాస్తు పెట్టారు. ఆ దరఖాస్తు చూస్తే మన పెళ్లి సంబంధాల బయోడేటాలు సిగ్గుపడాలి. పెరటి కంచె ఎంత ఎత్తు, రోజుకి ఎన్ని గంటలు కుక్క ఒంటరిగా ఉంటుంది, ఇంతకు ముందు కుక్క ఎలా చనిపోయింది, ఏ డాక్టర్‌కి చూపించేవాళ్లు, మీకేమైనా అయితే దాన్ని ఎవరు చూసుకుంటారు. వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించారు. ఆ పెద్దావిడ ఒకే మాట అడిగింది. "తనకి ఏ పేరు అలవాటు?"

నేను "బూందీ" అన్నాను. వెనక నుంచి వాచ్‌మన్ అన్న, "లచ్చి అంటెనే సూస్తది సార్" అన్నాడు. ఇద్దరం పిలిచి చూశాం. బూందీ అంటే చెవి కూడా కదల్లేదు. లచ్చి అనగానే మూడు కాళ్ల మీద ఎగిరొచ్చింది. ఫారంలో లచ్చి అనే రాశాను. ఈ మొత్తం కథలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక అసలు సినిమా. కుక్కని అమెరికా పంపడం అంటే టికెట్ కొని ఎక్కించడం కాదు. ఇందులో మా డిపార్ట్‌మెంట్ భాషలో చెప్పాలంటే డిపెండెన్సీలు ఉంటాయి. ఆర్డర్ తప్పితే బిల్డ్ ఫెయిల్.

అమెరికాలో కుక్కల్లో తిరిగే రేబీస్ రకాన్ని 2007కల్లా పూర్తిగా లేకుండా చేశారు. మళ్లీ బయట నుంచి రాకూడదని వాళ్ల భయం. ఆ భయం ఉత్తదేం కాదు. 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి ఒక రెస్క్యూ గ్రూపు 33 కుక్కల్నీ ఒక పిల్లినీ చికాగోకి తెచ్చింది. కాగితాలన్నీ ఉన్నాయి. వాటిలో పెన్సిల్వేనియా చేరిన ఒక కుక్కకి రేబీస్ అని తేలింది. ఒక్క కుక్క! దాని దగ్గరికి వెళ్లిన మనుషులందర్నీ వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది జులై 14 నుంచి, రేబీస్ ఎక్కువున్న దేశాల కుక్కల్ని తేవడం అమెరికా తాత్కాలికంగా ఆపేసింది. తర్వాత కొన్ని సడలింపులిచ్చి, 2024 ఆగస్టు 1 నుంచి కొత్త రూల్స్ పెట్టింది. మన దేశం ఆ 'హై రిస్క్' జాబితాలో ఉంది.

కొత్త రూల్స్ ఏంటంటే, కుక్కకి కనీసం ఆరు నెలల వయసుండాలి. మెడ దగ్గర చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి. బియ్యం గింజంత ఉంటుంది, అందులో ఒక నంబర్, స్కానర్ పెడితే కనిపిస్తుంది. మన ఆధార్ లాంటిదన్నమాట. చిప్ పెట్టిన తర్వాతే రేబీస్ వ్యాక్సిన్ వేయాలి. వ్యాక్సిన్ వేసిన 30 రోజులకి రక్తం తీసి వాళ్లు ఆమోదించిన ల్యాబ్‌కి పంపాలి. యాంటీబాడీలు చాలినన్ని ఉన్నాయని రిపోర్ట్ రావాలి. రక్తం తీసిన రోజు నుంచి కనీసం 28 రోజులు ఆగి అప్పుడు ప్రయాణం. ఆ రిపోర్ట్ లేకపోతే అక్కడ దిగాక 28 రోజులు క్వారంటైన్. డాక్టర్ నింపిన ఫారం మీద మన ప్రభుత్వ వెటర్నరీ అధికారి ముద్ర ఉండాలి. దిగడానికి కూడా ఎక్కడ పడితే అక్కడ కుదరదు, ఇలాంటి కుక్కల్ని పరీక్షించే కేంద్రాలున్న కొన్ని ఎయిర్‌పోర్టుల్లోనే దిగాలి. అట్లాంటా, న్యూయార్క్, లాస్ ఏంజిలిస్, మయామీ, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్. లచ్చి అదృష్టం, వాళ్ల ఊరు ఆ లిస్టులో ఉంది.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. సెప్టెంబర్‌లోనే ఉత్సాహంగా రేబీస్ ఇంజెక్షన్ వేయించేశాను. చిప్ అక్టోబర్‌లో పెట్టించాను. అంటే చిప్ లేనప్పుడు వేసిన వ్యాక్సిన్. ఆ ఇంజెక్షన్ ఈ కుక్కకే వేశారని రుజువేంటి? లెక్కలోకి రాదు. మొత్తం మళ్లీ మొదటి నుంచి. ఏడేళ్లుగా కోడ్ రాస్తున్నాను, రోజూ జూనియర్లకి "ముందు డాక్యుమెంటేషన్ చదవండి" అని క్లాస్ పీకుతాను. నా తప్పుకి లచ్చి ఒక సూది ఎక్కువ పొడిపించుకుంది. ఇంజెక్షన్ వేస్తున్నంతసేపూ దాని తల వాచ్‌మన్ అన్న ఒళ్లో ఉంది.

వేరే దేశాల సంగతి కూడా చెప్తాను, మీ అన్నో అక్కో అక్కడుంటే పనికొస్తుంది. బ్రిటన్‌కి అయితే వ్యాక్సిన్ వేసిన 30 రోజులకి రక్త పరీక్ష, ఆ రక్తం తీసిన రోజు నుంచి ఇంకో మూడు నెలలు ఆగాలి. దిగడానికి ముందు 24 నుంచి 120 గంటల మధ్యలో టేప్‌వార్మ్ మందు కూడా వేయించాలి. కెనడా అయితే 2022 సెప్టెంబర్ 28 నుంచి మన లాంటి దేశాల నుంచి దత్తతకి, అమ్మకానికి కుక్కల్ని తేవడమే ఆపేసింది. అప్పటిదాకా టొరంటోకి వెళ్లిన దేశీ కుక్కల దారి అలా మూసుకుపోయింది.

కాగితాలు ఒక ఎత్తు. క్రేట్ ఒక ఎత్తు. కుక్క లోపల నిలబడాలి, తిరగాలి, పడుకోవాలి, అంత పెద్ద బోను కొన్నాం. పుట్టినప్పటి నుంచి ఆకాశం కింద పడుకున్న జీవి. బోను చూడగానే వణికిపోయింది. మున్సిపాలిటీ బండి గుర్తొచ్చిందేమో. మేం యూట్యూబ్ చూసి ట్రైనింగ్ ఇవ్వబోయాం. ఖరీదైన ట్రీట్లు వేశాం. లోపలికి అడుగు పెట్టదు.

వాచ్‌మన్ అన్న ఏం చేశాడంటే, బోను తలుపు తీసేసి తన రూమ్ పక్కనే పెట్టాడు. లోపల తన పాత లుంగీ పరిచాడు. రాత్రి తను తినే అన్నంలోంచి ఒక ముద్ద బోను ముందు, మర్నాడు గుమ్మంలో, తర్వాత లోపల. వారం తర్వాత అది లోపలే పడుకుంది. అప్పుడు తలుపు బిగించాడు. డ్యూటీ అయిపోయాక కూడా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "ఫ్లైట్ల నేనుండ గద సార్, అలవాటు గావాలె" అన్నాడు. నేను అది వీడియో తీసి స్టోరీ పెట్టాను. "రియల్ హీరో" అని రాశాను. చూశారా, అంత దగ్గరగా చూసి కూడా నాకు అర్థం కాలేదు.

డిసెంబర్‌లో రిపోర్ట్ వచ్చింది. పాస్. జనవరిలో ఎంఎస్‌కి వెళ్తున్న ఒక కుర్రాడు ఫ్లైట్ వాలంటీర్‌గా ఒప్పుకున్నాడు. అంటే తన టికెట్ మీద కుక్కని అదనపు లగేజీగా బుక్ చేస్తారు. కార్గో కంటే చాలా తక్కువలో అయిపోతుంది. తనకి రూపాయి ఖర్చుండదు, కౌంటర్ దగ్గర కాసేపు ఎక్కువ నిలబడాలి అంతే. వాళ్ల నాన్న మాత్రం, "ఇరవై మూడు కేజీల బ్యాగులో పచ్చళ్లు సర్దడానికే చస్తున్నాం, ఇప్పుడు కుక్కా?" అని చివరి దాకా గొణుగుతూనే ఉన్నారు. పచ్చళ్లు కూడా వెళ్లాయి, కంగారు పడకండి.

ఒక ఫారంలో 'ఓనర్' అని గడి ఉంది. కొత్తవాళ్లకి అప్పగించే దాకా ఇక్కడ కుక్క ఎవరిది అని. ఆలోచించకుండా నా పేరు రాసి సంతకం పెట్టాను.

శంషాబాద్‌కి రాత్రి బయల్దేరాం. వాచ్‌మన్ అన్న లీవు పెట్టి మరీ వచ్చాడు. లుంగీ ముక్క ఒకటి చింపి బోనులో పెట్టాడు. చలికాలం, కారు అద్దాలు మూసి ఉన్నాయి, ఎవరం పెద్దగా మాట్లాడలేదు.

"అక్కడ చలి బాగుంటదంట గద సార్. మంచు పడ్తదంట. దీనికి స్వెటర్ ఏస్తరా?"

"వేస్తారన్నా. ఇంట్లో హీటర్ కూడా ఉంటుంది."

"మంచిగ సూసుకుంటరు గద?"

"మనకంటే బాగా చూసుకుంటారన్నా" అన్నాను నమ్మకంగా.

కౌంటర్ దగ్గర అన్నీ చూసి, చిప్ స్కాన్ చేసి, బోనుకి స్టిక్కర్లు అంటించి ట్రాలీ మీద తోసుకెళ్లారు. లచ్చి అరవలేదు. మా వైపు చూస్తూనే లోపలికి వెళ్లిపోయింది. నేనూ నా ఫ్రెండ్సూ సెల్ఫీ తీసుకున్నాం. ఏడ్చాం కూడా.

తిరిగొస్తుంటే ఓఆర్‌ఆర్ మీద, చాలాసేపటికి, అన్న బయటికి చూస్తూ అన్నాడు.

"నన్నడిగితె నేనే ఉంచుకుంటుంటి కద సార్. ఊర్ల పొలం కాడ. మా ఇంటామె ఉంటది, మా అవ్వ ఉంటది. బండ్లు రావు ఆడ."

కారు నడుపుతున్న నాకు ఏం అనాలో తెలియలేదు. "మరి చెప్పలేదేంటన్నా?" అన్నాను.

"మీరు గంత కష్టపడుతుంటె ఏమంటం సార్. అమెరికా పోతదంటె మంచిదే గద అనుకున్న."

పాలమూరు దగ్గర వాళ్ల ఊరు. హైదరాబాద్ నుంచి రెండున్నర గంటలు. ఆ కుక్కకి పేరు పెట్టినవాడు, నాలుగేళ్లు అన్నం పెట్టినవాడు, కట్లు కట్టినవాడు, బోనులో పడుకోవడం నేర్పినవాడు. ఇన్‌స్టాలో కొన్ని వేల మందిని అడిగాను. ఫిలడెల్ఫియాలో ఇద్దర్ని అరగంట ఇంటర్వ్యూ చేశాను. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదు? కుక్కని 'పెంచుకునేవాడు' అంటే నా బుర్రలో ఉన్న బొమ్మ వేరు. దానికి సోఫా ఉంటుంది, పెరడు ఉంటుంది, వెట్ అపాయింట్‌మెంట్ ఉంటుంది. నైట్ డ్యూటీ చేసే వాచ్‌మన్ ఆ బొమ్మలో లేడు. అంతే. దానికి వేరే మంచి పేరు పెట్టుకోలేను.

ఇది చదివి, "అయితే విదేశీ దత్తత తప్పంటావా?" అని మీరు అడగొచ్చు. నేనూ చాలా రోజులు ఆలోచించాను.

తప్పు అనను. లచ్చి ఇప్పుడు సుఖంగా ఉంది. అక్కడ దిగాక కేంద్రంలో డాక్టర్ చూసి, చిప్ నంబర్ సరిచూసి, ఇంకో రేబీస్ డోసు వేసి వదిలారు. మొదటి నెల సోఫా కింద నుంచి బయటికి రాలేదట. వీధంతా తనదే అనుకుని తిరిగిన కుక్కకి మెడలో తాడు, నాలుగు గోడలు, అర్థం కాని భాష. అది కూడా ఆలోచించాల్సిన విషయమే. నాలుగు కాళ్లూ బాగుండి, వీధిలో హాయిగా బతుకుతున్న పెద్ద కుక్కని ఎక్కడికో పంపితే దానికి మేలు చేసినట్టేనా అన్నది నాకైతే అనుమానమే. కానీ మూడు కాళ్లవి, చూపు లేనివి, రోడ్డు మీద బతకలేనివి, ఇక్కడ నిజంగా అందర్నీ అడిగినా ఎవరూ తీసుకోనివి ఉంటాయి. వాటికి ఆ విమానం ప్రాణం పోస్తుంది. అలాంటివాటి కోసం పనిచేసేవాళ్లకి దండం పెడతాను.

కానీ లెక్క కూడా చూడాలి కదా, ఇంజినీర్లం. లచ్చి ప్రయాణానికి టెస్టు, బోను, టికెట్, అక్కడి ఫీజు కలిపి రెండు లక్షలు దాటింది. ఎక్కువ భాగం ఆ టీచర్లే పెట్టుకున్నారు. మా ఏరియాలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించే సంస్థ వాళ్లని అడిగితే ఒక కుక్కకి రెండు వేల లోపే అవుతుందన్నారు. అంటే ఒక లచ్చి ఖర్చుతో వంద కుక్కలకి ఆపరేషన్. 2019 పశుగణనలో మన దేశంలో వీధి కుక్కలు కోటీ 53 లక్షలు. విమానాల్లో పంపి తగ్గించే సంఖ్య కాదది. అమెరికాలో మాత్రం షెల్టర్లు ఖాళీగా ఉన్నాయా? అక్కడా ఏటా లక్షల కుక్కల్నీ పిల్లుల్నీ చంపేస్తున్నారు. కాబట్టి ఇది సమస్యకి పరిష్కారం కాదు. ఒక్కో ప్రాణానికి దొరికే చివరి అవకాశం మాత్రమే. చివరి అవకాశాన్ని మొదటి ఆప్షన్‌గా నొక్కడం నా తప్పు.

ఈ గొడవ 2025లో ఎక్కడిదాకా వెళ్లిందో మీకు తెలుసు. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కలన్నిట్నీ షెల్టర్లకి తరలించమంది. 22న ఆ ఆదేశాన్ని మార్చి, ఆపరేషన్, వ్యాక్సిన్ చేసి ఎక్కడివక్కడ వదలమంది, రేబీస్ ఉన్నవీ మీద పడి కరిచేవీ తప్ప. నవంబర్ 7న స్కూళ్లు, హాస్పిటళ్లు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్నవాటిని తీసేసి మళ్లీ అక్కడ వదలొద్దంది. ఆ తీసేసిన కుక్కలు ఎక్కడికి వెళ్తాయి? మన అందరి గేట్ల దగ్గరికీ ఆ ప్రశ్న వస్తుంది. అప్పుడు రీల్ చేసేవాళ్లం, థంబ్స్‌డౌన్ పెట్టేవాళ్లం ఇద్దరం సరిపోం.

అందుకే నేను నేర్చుకున్నది మీకు నాలుగు ముక్కల్లో చెప్తాను.

ఒకటి, కుక్కకి ఇల్లు వెతికేటప్పుడు ముందు దానికి అన్నం పెట్టే మనిషిని అడగండి. వాచ్‌మన్, ఇస్త్రీ బండాయన, టీ కొట్టు అక్క, ఎవరైనా సరే. తీసుకెళ్లగలరా అని, మనం ఏ ఖర్చు భరిస్తే కుదురుతుంది అని.

రెండు, కుక్కని కొనబోయే ముందు ఒక్కసారి దేశీ కుక్కపిల్ల వైపు చూడండి. ఏసీ అడగదు.

మూడు, మీరో మీ ఫ్రెండో ఎప్పటికైనా కుక్కని విదేశం తీసుకెళ్లాల్సి వస్తుందేమో అనుకుంటే ఇవాళే చిప్ పెట్టించండి, ఆ తర్వాతే రేబీస్ వ్యాక్సిన్. ఆర్డర్ గుర్తుంది కదా? ఇక ఫ్లైట్ వాలంటీర్‌గా వెళ్లమంటే కాగితాలన్నీ ముందే ఫోన్‌లో తెప్పించుకుని చదవండి. దిగాక ఎవరు తీసుకుంటారో వాళ్లతో స్వయంగా మాట్లాడండి. ఏడిపించే వీడియో పెట్టి క్యూఆర్ కోడ్ చూపించే ప్రతివాళ్లకీ డబ్బులు కొట్టకండి. హాస్పిటల్ బిల్లు అడగండి, కుదిరితే నేరుగా హాస్పిటల్‌కే కట్టండి.

నాలుగు, ఏ కుక్క కరిచినా, గీరినా, పెంపుడుదైనా సరే, సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. పసుపు, కారం, నాటు వైద్యం వద్దు. కుక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఈ మాట పదిమందికి చెప్పాలి.

ఇక లచ్చి సంగతి. ఫిబ్రవరిలో ఆ పెద్దావిడ వీడియో పంపింది. పెరడంతా మంచు. ఎర్ర స్వెటర్ వేసుకున్న మూడు కాళ్ల కుక్క ముక్కుతో మంచు ఎగజిమ్ముకుంటూ పరిగెడుతోంది. వాళ్లు "లాచీ" అని పిలుస్తున్నారు. వాచ్‌మన్ అన్నకి చూపించాను. ఫోన్ తీసుకుని ఆరుసార్లు చూశాడు. "మూడు కాళ్లతోటి మంచిగనే ఉరుకుతుంది" అన్నాడు. కాసేపాగి, "గట్ల పిలిస్తె అస్తదా సార్?" అన్నాడు.

ఆ రాత్రే ఆయన గొంతు రికార్డ్ చేసి పంపాను. "లచ్చీ, దా బిడ్డా, దా." వాళ్లు స్పీకర్‌లో పెట్టారట. కుక్క లేచి ఇల్లంతా తిరిగి తలుపు దగ్గర కూర్చుందని ఆవిడ మెసేజ్ పెట్టింది. ఆ మెసేజ్ నేను అన్నకి చదివి వినిపించలేదు. ఇప్పటికీ నా ఫోన్‌లోనే ఉంది. మళ్లీ రికార్డింగ్ కూడా పంపలేదు.

మేలో మా ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల ఒక కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. గ్రూపులో మళ్లీ గొడవ. ఈసారి నేను ఫోన్ జేబులో పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లి, పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాను.

"అన్నా, వీటిని ఏం చేద్దాం?"

రెండిటికి వాచ్‌మన్ అన్నే ఇళ్లు చూశాడు, ఒకటి ఇస్త్రీ ఆయనకి, ఒకటి వాళ్ల బావమరిదికి. మూడోది ఆపరేషన్, వ్యాక్సిన్ అయ్యి మా సెల్లార్‌లోనే ఉంది, థంబ్స్‌డౌన్ ఆంటీ మనవరాలు దానికి చాక్లెట్ అని పేరు పెట్టింది. తల్లికి కూడా ఆపరేషన్ చేయించాం. నాలుగోది, ఎర్రది, ఆదివారం పొద్దున నా కారులోనే పాలమూరు వెళ్లింది. వాళ్ల అవ్వ దాన్ని చూడగానే నవ్వి, "ఏం పేరు పెట్టిన్రు?" అంది.

అన్న నా వైపు చూశాడు. నేనేం మాట్లాడలేదు. పేరు పెట్టే హక్కు నాది కాదని ఈసారి నాకు తెలుసు.

వచ్చే వారం కలుద్దాం. ఈలోగా మీ గేటు దగ్గర కుక్క పేరేంటో కనుక్కోండి. దానికి ఒక పేరుంటుంది. పెట్టిన మనిషి కూడా అక్కడే ఉంటారు.